ఒక ఆకు ఎక్కువ వెయ్యి

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పంచె కొందామని ఒంగోలు ట్రంకు రోడ్డులో ఒక బట్టల కొట్టుకు పోయాను. ఎవరికమ్మా అని అడిగాడు కొట్లో కుర్రాడు. పెద్దలకు పెట్టేదానికి అన్నాను. అంతే. చేతిలో ఉన్న మంచి పంచెను మడిచి పక్కన పెట్టేసి, కింది అరలోంచి ఒక కట్ట లాగి నా ముందు వేశాడు. గంజి బలం మీద నిలబడ్డ పంచెలు. ఒక్క తడుపుకు దోమతెర అయ్యే రకం. "పెద్దలకు అందరూ ఇవే తీసుకుంటారు మేడం, పెట్టుబడి బట్టలు" అన్నాడు.

కట్టుకునే మనిషి లేడు గదా, వచ్చి అడగడు గదా అని. నాకు ఒళ్లు మండింది. మా నాయన పంచె కొనాలంటే అరగంట పట్టేది. గుమ్మం దాకా తీసుకుపోయి వెలుతురుకు పట్టి నేత చూసేవాడు, అంచును గోటితో గీకేవాడు, ఎనిమిది మూరలు ఉందో లేదో తన మోచేత్తో తనే కొలుచుకునేవాడు. అట్టాంటాయనకు దోమతెర పెట్టనా? "ఇందాకటిదే చూపించు నాయనా" అన్నాను.

అప్పుడే సాంబ్రాణి సాయిబు గడపలోకి వచ్చాడు. ఒక చేతిలో నెమలీకల కట్ట, ఇంకో చేతిలో ధూపం. గల్లాపెట్టె చుట్టూ తిప్పాడు, అరల ముందు తిప్పాడు, నెమలీకలతో పొగను మా మీదికి ఒక్క విసురు విసిరి, చిల్లర అందుకుని పక్క కొట్టుకు పోయాడు. ఆ వాసనకు నేను పంచె బేరం మరిచిపోయి అట్నే నిలబడిపోయాను. ఈ రోజుల్లో కప్పుల్లో వచ్చే సాంబ్రాణి కాదది. నిప్పుల మీద పొడి చల్లితే ముందు చిటపటమని, తర్వాత గొంతులో గరగరమనే రకం. మా జేజి ఇల్లు, అంటే నాయనమ్మ ఇల్లు, ఏడాదికి ఒక్కరోజు ఆ వాసన వేసేది.

*

మా ఊరు పెన్నకు ఉత్తరపు ఒడ్డున, జొన్నవాడ కామాక్షమ్మ గుడికి కాస్త ఎడంగా ఉంటుంది. నాయన ఉద్యోగం నెల్లూరులో కాబట్టి మేము టౌనులో ఉండేవాళ్లం. పండగలకు బస్సెక్కి పెన్న బ్రిడ్జి దాటి, కోవూరు మీదుగా ఊరికి పోయేవాళ్లం. బ్రిడ్జి మీద బస్సు పోతుంటే చక్రాల చప్పుడు మారేది. నిద్రపోయే మా చెల్లెలు కూడా ఆ మార్పుకు లేచి కూర్చునేది.

అందరికీ సంక్రాంతి అంటే ముగ్గులు, గొబ్బెమ్మలు, కోడిపందేలు. మాకూ అవన్నీ ఉండేవి కానీ, మా ఇంటి లెక్కన అది పెద్దల పండగ. భోగి రాత్రి తాత మోదుగాకులు ముందేసుకుని విస్తళ్లు కుట్టేవాడు. ఈనెలు సన్నగా చీల్చి నాలుగైదు పళ్ల మధ్య కరిచి పట్టుకుని, ఆకు తిప్పుకుంటా ఒక్కోటి లాగి గుచ్చేవాడు. ఇవతల జేజి అరిసెల పాకం పడతా ఉండేది. పాకం ముద్ద నీళ్ల గిన్నెలో వేసి, వేలితో నొక్కి, గిన్నె అంచుకు కొట్టి చూసేది. టంగుమంటే పాకం వచ్చినట్టు.

"మూడు కుట్టినా" అనేవాడు తాత, నోట్లో పుల్లలతోనే.

"ఒక ఆకు ఎక్కువ వెయ్యి."

"మనోళ్లు ముగ్గురే గదే?"

"దారిన వచ్చేపోయే వాళ్లుంటారు. వెయ్యి."

ఈ మాటలు ప్రతి ఏడూ ఇవే. తాతకు తెలియక కాదు, అడగటం ఆయన పని, చెప్పటం ఆమె పని.

తెల్లారి నడవ గదిలో తూర్పు గోడకు కొత్త సున్నం మీద పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది జేజి. గోడ కింద పీట, పీట మీద కొత్త పంచె, కొత్త చీర, చిన్నవాళ్ల చొక్కాగుడ్డ. పీట ముందు వరసగా ఆకులు. ఫోటోలు ఉండేవి కావు. మా ముత్తాత ముఖం ఎట్టా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ గుమ్మడికాయ పులుసులో బెల్లం ఒక పిసరు ఎక్కువ పడితే కంచం విసిరికొట్టేవాడని తెలుసు. ఆయన ఆకులో పులుసు విడిగా, బెల్లం వేయక ముందే తీసిపెట్టింది వడ్డించేవాళ్లు. పోయి ముప్పై ఏళ్లయినా ఆయన కోపానికి భయపడటం మానలేదు మా జేజి. భోజనం అయినాక కాల్చుకునేదానికి ఆకు పక్కన ఒక చుట్ట, అగ్గిపెట్టె.

రెండో ఆకు ముత్తవ్వది. ఆమెకు పళ్లు లేవట, అందుకని గారెలు పాలల్లో నానేసి పెట్టేవాళ్లు. పక్కన తమలపాకులు, దంచిన వక్క. మూడోది తాత తమ్ముడిది. పదమూడేళ్లప్పుడు పెన్నలో ఈతకు పోయి రాలేదు. ఆ ఆకులో బొరుగులు, బెల్లంముక్క, పక్కన తాత స్వయంగా చెక్కిన బొంగరం. పండగ అయినాక ఆ బొంగరం నాకే ఇచ్చేవాడు తాత. తాడు చుట్టి నేల మీద వేస్తే గిర్రున తిరిగేది, తాత మటుకు అటు చూసేవాడు కాదు.

నాలుగో ఆకు వచ్చేపోయే వాళ్లది. దాంట్లో అన్నీ ఉండేవి, వాటితో పాటు ఓ మూల నిమ్మకాయంత సద్ద సంకటి ముద్ద. మాది మాగాణి ఊరు. మొలగొలుకుల బియ్యం వండుకునే ఇంట్లో సద్దలు ఎవరు తింటారు? అయినా జేజి పండగకు నెల ముందే ఎవరితోనో చెప్పి అర్ధశేరు తెప్పించి ఉట్టి మీద దాచేది. ఎందుకని అడిగితే, దారిన పోయేవాళ్లలో మెట్టోళ్లు కూడా ఉంటారు గదా అనేది.

*

అన్నీ వడ్డించినాక ఇంటిల్లిపాదీ మొక్కి బయటకు రావాలి. జేజి నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, తలుపు దగ్గరికి వేసేది. గడియ పెట్టకూడదు. వాళ్లు తినేంత సేపు ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పంచలో అందరం వరసగా కూర్చుని ఎదురుచూసేవాళ్లం. వీధిలో హరిదాసు చిడతలు, దూరంగా ఎవరింట్లోనో రోకటి పోటు, మా ఎడ్లు తల ఊపినప్పుడల్లా మెడలో గంటలు. ఇవన్నీ ఆ కాసేపే స్పష్టంగా వినపడేవి, మిగతా రోజంతా మా గోలలో కొట్టుకుపోయేవి.

ఒక ఏడు నేను ఉండబట్టలేక తలుపు సందులో కన్ను పెట్టాను. గదిలో ఎవరూ లేరు. పైకప్పు పెంకు సందులోంచి ఎండ ఒక్క కర్ర మాదిరి దిగింది, పొగ దాంట్లో మెల్లగా మెలితిరుగుతా ఉంది. గారె అంచు మీద ఒక చీమ ఎక్కుతా ఉంది. ముత్తవ్వ ఆకు చివర కాస్త లేచి, మళ్లీ పడింది. గాలే అయి ఉంటుంది. కానీ గాలి వస్తే పక్కన ఉన్న ఆకులు కూడా కదలాలి గదా అని నేను చాలా ఏళ్లు వాదించాను, చెల్లెలితో.

అన్నిటికంటే నాకు నచ్చింది తలుపు తీసే ముందు జేజి చేసే పని. సరాసరి తోసుకుని లోపలికి పోయేది కాదు. గడప ముందు నిలబడి గొంతు సవరించుకునేది. "వస్తా ఉండాం" అనేది. ఇంకో రెండు క్షణాలు ఆగేది, వాళ్లు చేతులు కడుక్కుని లేచేదానికి వీలుగా. మామగారు భోజనం చేస్తుంటే కోడలు గదిలోకి ఎట్టా పోతుందో అట్టాగే.

ఆకుల్లోంచి తలా కాస్త తీసి మిద్దె మీద కాకులకు పెట్టి, మిగిలింది మేమే తినేవాళ్లం. కనుమ నాడు ఎవరూ ప్రయాణం కాకూడదు. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. పెద్దలు వచ్చిన ఇల్లు వదిలి ఎట్టా పోతారే అనేది జేజి.

*

పోయినవాళ్లు యాడ ఉంటారు అనే ప్రశ్నకు మా జేజి దగ్గర కనీసం అయిదు జవాబులు ఉండేవి. చుక్కల్లో ఉంటారు. కాకి రూపంలో తిరుగుతారు. యముడి దగ్గర లెక్క తేల్చుకుంటా ఉంటారు. వైకుంఠంలో ఉంటారు. మళ్లీ మన ఇంట్లోనే పుడతారు. మా చెల్లెలు పుట్టినప్పుడు ఎడమ భుజం మీద మచ్చ చూసి, "మా అత్త మళ్లీ వచ్చింది" అని తేల్చేసింది. చెల్లెలు అన్నం దగ్గర పేచీ పెడితే, "నీ బుద్ధి అప్పుడూ ఇంతే" అని నిష్ఠూరంగా అనేది. బతికుండగా అత్తను అనలేకపోయినవన్నీ చెల్లెలి మీద తీర్చుకుందని మా అమ్మ అనుమానం.

"మరి ఆమె పుట్టేసింది గదా జేజీ, ఇంకా ఆకెందుకు?" అని అడిగాను.

జేజి అరిసెలు తిరగేస్తా, నా వంక చూడకుండానే చెప్పింది. "మీ నాయన ఒకడేనా ఇద్దరా?"

"ఒకడే."

"నాకు కొడుకు, నీకు నాయన, మీ అమ్మకు మొగుడు, ఆఫీసులో ఇంకెవరికో గుమాస్తా. అందరికీ దొరకతా ఉండాడా లేదా? ఒంట్లో ఉండంగానే మనిషి ఇన్ని చోట్ల ఉంటే, ఒళ్లు వదిలేసినోళ్లకేం కష్టం?"

నేను తర్వాత చాలా పుస్తకాలు చదివాను. దీనికి బదులు చెప్పే పుస్తకం నాకు దొరకలేదు.

తాత పోయినప్పుడు మటుకు జేజి అన్ని జవాబులూ మరిచిపోయింది. శంఖం ఊదుకుంటా, జేగంట కొట్టుకుంటా దాసరి ముందు నడిచాడు. ఆ శంఖం మోత ఇప్పుడు మా పక్క వినపడటం తగ్గిపోయింది, వైకుంఠరథం మైకులో పాట పెడతారు. పది రోజులూ సాయంత్రం పూట సాతానయ్య వచ్చి పంచలో కూర్చుని గరుడ పురాణం చదివేవాడు. ఆ పుస్తకం మామూలు రోజుల్లో ఇంట్లో ఉంచుకోరు, ఎవరైనా పోయిన ఇంట్లోనే తీస్తారు. చదవటం అయినాక ఆయన దాన్ని గుడ్డలో చుట్టుకుని సంకలో పెట్టుకుని పోయేవాడు, పాముల బుట్ట తీసుకుపోయినట్టు.

వైతరణి నది గురించి ఆయన చదివిన రోజు చావడి నిండా జనం. చీము, నెత్తురు పారే నది, ఆవును దానం ఇచ్చినవాడు దాని తోక పట్టుకుని దాటతాడు. జేజి మధ్యలో లేచి, "అయ్యా, మా ఆయనకు ఈత వచ్చు" అంది. ఎవరూ నవ్వలేదు. సాతానయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే ఇంకా సులువమ్మా" అన్నాడు. ఆయన మీద నాకు అప్పట్నుంచీ గౌరవం.

పది రోజుల పిండాలు ఎందుకో కూడా ఆయనే చెప్పాడు. కాలిపోయిన ఒంటికి బదులు ఇంకో ఒళ్లు తయారవ్వాలి. మొదటి పిండంతో తల, తర్వాత మెడ, భుజాలు, ఇట్టా రోజుకు కాస్త. పదో రోజుకు ఆకలిదప్పులు పుడతాయి. యముడి ఊరికి ఏడాది నడక. దారిలో తిండి కోసమే నెలనెలా మాసికం. పురాణం సంగతి పక్కన పెట్టి ఇంట్లో జరిగేది చూడండి. ఆ పది రోజుల్లో ఒళ్లు కూడగట్టుకునేది పోయిన మనిషి ఒక్కడేనా? జేజి మొదటి రోజు తల ఎత్తలేదు. నాలుగో రోజు గోడకు ఆనుకుని కూర్చుంది. పదో రోజు, "నాకు ఆకలేస్తా ఉండాది" అంది.

*

తాత బతికుండగా జేజిని ఎగతాళి చేసేదానికి ఒక మాట ఉండేది. "మీ కనిగిరాయన" అని. జేజి పుట్టిల్లు కనిగిరి పక్క మెట్ట పల్లె. పొట్టి శ్రీరాములుగారు పుట్టింది మద్రాసులోనే అయినా వాళ్ల పెద్దలది కనిగిరి దగ్గర పడమటిపల్లె. అందుకని ఆయన జేజి తరపు మనిషి అయిపోయాడు.

తాత ఆయన్ని నెల్లూరులో చూశాడు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహారదీక్ష చేసిన మనిషి. చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, మా నెల్లూరు ఎండలో, మెడలో అట్టముక్కలు తగిలించుకుని వాటి మీద హరిజనోద్ధరణ రాసుకుని వీధుల్లో తిరిగేవాడట. "పిచ్చోడని నవ్వినోళ్లలో నేనూ ఉండా" అనేవాడు తాత. 1952లో మద్రాసులో 58 రోజులు తిండి మానేసి డిసెంబరు 15 రాత్రి ఆయన పోయినాక ఆ నవ్వు తాత గొంతులో ముల్లయింది. ఏడాది తిరక్కముందే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 2008లో మా జిల్లాకే ఆయన పేరు పెట్టారు. తాత అది చూడలేదు. పక్కన ఒంగోలు జిల్లా అయితే ముందే, 1972లోనే, టంగుటూరి ప్రకాశంగారి పేరు పెట్టుకుంది. నేను పుట్టిన జిల్లాకూ మెట్టిన జిల్లాకూ రెండింటికీ పోయినవాళ్ల పేర్లే. బస్సు బోర్డుల మీద, రేషను కార్డుల మీద రోజూ రాసుకునే పేర్లు కాబట్టి వాటిని తలుచుకోవటం అని ఎవరూ అనుకోరు.

"పెళ్లాం, బిడ్డ ముందే పోయిరి. ఆయనకు ఎవరు పెడతారు ఆకు?" అని తాత ఓ సంక్రాంతికి అన్నాడు.

"వస్తే తింటాడులే" అని నాలుగో ఆకు వైపు గడ్డం ఎత్తింది జేజి. తాత ఏమీ అనలేదు. ఆ ఆకులో ఇంకో గారె వేసి వచ్చాడు.

*

నెల్లూరు ఇంట్లో పెద్దల సంగతి వేరే రకం. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా. బారా అంటే పన్నెండు, పన్నెండు మంది అమరుల సమాధులు. మొహర్రం నెలలో రొట్టెల పండగ. ఎప్పుడొస్తుందని అడిగితే ఇంగ్లీషు నెల చెప్పలేం, ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. తలకు గుడ్డ కప్పుకుని ఆడవాళ్లు చెరువు నీళ్లల్లో మోకాళ్ల లోతున నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటేడు అదే రొట్టె తెచ్చి, అడిగేవాళ్లకు ఇవ్వాలి. నా పదో తరగతప్పుడు మా అమ్మ చదువు రొట్టె ఒకటి అందుకుంది, మరుసటేడు నాలుగు పంచింది. ఆ రొట్టె ఇచ్చిన సాయిబుల ఆడమనిషికీ, అందుకున్న మా అమ్మకూ మధ్య ఏ మంత్రమూ లేదు. చేతి తడి ఒక్కటే.

ఒకసారి జేజిని కూడా తీసుకుపోయాం. ఆమె దర్గా ముందు దణ్ణం పెట్టుకుని, ఇవతలికి వచ్చినాక, "మనోళ్లు తినిపోతారు, వీళ్లు పెట్టి పంపిస్తా ఉండారు" అని ఆశ్చర్యపోయింది.

బోడిగాడితోట అంటే నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. పెన్న ఒడ్డున శ్మశానం. సంక్రాంతికి అక్కడ సమాధులకు సున్నం కొట్టి, పూలు చుట్టి, ఇష్టమైనవి వండుకొచ్చి పెట్టేవాళ్లు. పిల్లలు సమాధుల మీదెక్కి చెరుకుగడలు నమిలేవాళ్లు, ఎవరూ కసిరేవాళ్లు కాదు. తర్వాత తర్వాత పెద్ద పెద్ద ఫ్లెక్సీలు వచ్చాయి. సెంటర్లో అశ్రునివాళి, కింద నివాళులర్పించేవాళ్ల ఫోటోలే పోయినాయన ఫోటో కంటే పెద్దవి. నవ్వొస్తుంది. అయినా ఆ ఫ్లెక్సీ కట్టిన కుర్రాళ్ల కళ్లు వాచి ఉండటం కూడా చూశాను.

2021లో మా పెదనాయన పోయినప్పుడు అవేవీ లేవు. మూట కట్టి ఇచ్చారు, దూరం నుంచి చూడమన్నారు. పదో రోజుకు మా అన్న, పంతులు, ఇంకిద్దరు. గరుడ పురాణం లేదు, శంఖం లేదు, భోజనాలు లేవు. మేమంతా ఫోనుల్లో చూశాం. ఏడుపు ఎవరికీ రాలేదు. తర్వాతేడు సంక్రాంతికి ఆయన ఆకులో మామిడల్లం పచ్చడి వడ్డిస్తా మా పెద్దమ్మ, "ఇది లేకపోతే ముద్ద దిగదు గదయ్యా నీకు" అంది. అప్పుడు ఏడ్చాం, ఆ ఏడుపంతా కలిపి.

*

మా నాయన పోయి ఏడాది దాటింది. మేమిద్దరం ఆడపిల్లలం. పెదనాయన కొడుకే తలకొరివి పెట్టాడు, నెల్లూరులో తద్దినం కూడా వాడే పెట్టాడు. ఆ రోజు పంతులు తండ్రి, తాత, ముత్తాత పేర్లు అడిగాడు. వసువు, రుద్రుడు, ఆదిత్యుడు, ఈ మూడు రూపాల్లో మూడు తరాలే. ఇప్పుడు మా నాయన చేరాడు కాబట్టి పులుసులో బెల్లం పడని మా ముత్తాతకు అది మూడో చోటు. ఆయన తండ్రి వరసలోంచి జరిగిపోయాడు.

"జరిగి యాడికి పోతారండీ?" అని అడిగాను. పంతులు మంచివాడు, విసుక్కోలేదు. తర్పణం చివర ఒక శ్లోకం ఉంది చూడండి అని చదివాడు. "యేషాం న మాతా న పితా న బంధుః" అని మొదలవుతుంది. ఎవరికి తల్లీ తండ్రీ బంధువూ లేరో, వాళ్లందరూ నేను వదిలే ఈ దర్భనీళ్లతో తృప్తి పడాలి అని అర్థం. ఉత్తరీయం కొస తడిపి పిండే నీళ్లు వంశంలో కొడుకుల్లేకుండా పోయినవాళ్లకట. నాకు వెంటనే తాత పళ్ల మధ్య ఈనెపుల్లలు గుర్తొచ్చాయి. జేజికి అక్షరం రాదు. శ్లోకం సంగతి ఎవరు చెప్పారో.

ఈ సంక్రాంతికి అమ్మ ఒంగోల్లో మా దగ్గరే ఉంది. మా అత్తగారింట్లో మూడు ఆకులు వేస్తారు, వాళ్ల పెద్దలకు. నేను పంచె కొనుక్కొచ్చాను కానీ ఏ ఆకు ముందు పెట్టాలో తెలియలేదు. మెట్టినింట్లో పుట్టింటి ఆకు వేయచ్చా? నాయనకు నెల్లూరులో అన్న పెడతానే ఉన్నాడు గదా? సంచిలోంచి తీయకుండా రెండు రోజులు అట్నే ఉంచాను. భోగి రాత్రి మా అత్తమ్మే సంచి తీసి చూసింది.

"మంచి నేత" అంది, అంచు వేళ్ల మధ్య నలిపి. "రేపు ఒక ఆకు ఎక్కువ వెయ్యమ్మా."

నేను నోట మాట రాక చూస్తుంటే, అమ్మ అరటిపళ్లు తుడుస్తా మెల్లగా అంది. "మీ జేజి నాలుగో ఆకు ఎవరికి వేసిందనుకున్నావు ఇన్నాళ్లూ?"

"వచ్చేపోయే వాళ్లకు."

"వాళ్లమ్మకు. కొడుకుల్లేని మనిషి. అత్తగారింట్లో పేరెట్టి చెప్పేదానికి నోరు రాక అట్టా అనేది. నాకొక్కదానికే చెప్పింది, నేను కూడా కూతుర్లనే కన్నానని."

సద్ద సంకటి నా కళ్ల ముందే ఉండింది. జేజి కనిగిరి మెట్ట మనిషని పుట్టినప్పట్నుంచీ తెలుసు. తాతకు తెలుసు కాబోలు, అందుకే మూడు చాలు గదా అని అడిగి, ప్రతి ఏడూ నాలుగోది కుట్టాడు. నాకే ఆ రెండూ కలిపి చూడాలని తోచలేదు.

తెల్లారి నాలుగో ఆకు వేశాను. అన్నం, గారెలు, చిక్కుడుకాయ కూర, పెరుగు. అరిసెలు పెట్టబోతూ చెయ్యి ఆగింది. నాయనకు పాతికేళ్లుగా షుగరు. అరిసెల డబ్బా పై అరలో పెట్టి దాచటం అమ్మ పని, స్టూలెక్కి దించటం ఆయన పని.

"పెట్టు" అంది అమ్మ. "రెండు పెట్టు. ఇప్పుడేమవతాది?"

మా చిన్నోడు ఎప్పుడు లోపలికి పోయాడో, మాత్రల అట్ట ఒకటి తెచ్చాడు. సెలవులకు నెల్లూరు పోతే తాతకు అన్నానికి ముందు మాత్ర అందించటం వాడి డ్యూటీ. అందించేవాడు, ఆయన నోట్లో వేసుకుని నీళ్లు తాగినట్టు నటించి, చేతులు కడుక్కునే వంకతో పోయి కరివేపాకు కుండీలో ఉమ్మేసేవాడు. ఆ సంగతి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కుండీ తిరగేస్తే గానీ బయటపడలేదు.

"అరిసె తినాలంటే ముందు మాత్ర వేసుకోవాలి గదా" అన్నాడు చిన్నోడు. నేను కసరబోయాను. అమ్మ వాడి చేతిలోంచి అట్ట తీసుకుని, ఒక మాత్ర విడిచి, ఆకు అంచున, ఉప్పు పక్కన పెట్టింది.

సాంబ్రాణి వేసి తలుపు దగ్గరికి వేశాం. గడియ పెట్టలేదు. తీసే ముందు నేను గొంతు సవరించుకున్నాను. అది చూసి మా అత్తమ్మ కూడా ఒక క్షణం ఆగింది.

ఒంగోల్లో మా అపార్టుమెంటు మీదికి కాకులు బాగానే వస్తాయి. నాలుగో ఆకు తీసుకుపోయి నీళ్ల ట్యాంకు పక్కన పెట్టి, నలుగురం మెట్ల తలుపు దగ్గర నిలబడ్డాం. ముందు ఒక కాకి వచ్చింది, తర్వాత మూడు. గారెలు పోయాయి. అరిసెలు రెండూ పోయాయి. ఆకు దాదాపు ఖాళీ అయినాక చిన్నోడు పరిగెత్తి పోయి వంగి చూశాడు.

"అమ్మమ్మా, మాత్ర అట్నే ఉంది!"

"బతికినన్నాళ్లూ అంతే" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటా.